తాతగారి పెద్దబిడ్డ

మా ఆడపడుచు లువాకి నెమ్మదిగా చెయ్యడం అన్నది ఏ పనిలోనూ చేతకాదు. అన్నం తినడం, ఇంజను తాడు లాగడం, ఎదుటివాళ్ళకు జవాబివ్వడం, అన్నీ ఒకే ఊపులో అయిపోవాలి. నేను కోడలిగా గడపలో అడుగుపెట్టిన రోజున, పెళ్ళిబట్టల్లో చెమటలు కక్కుతున్న నన్ను పైనుంచి కిందకు చూసి, నీకు ఈత వచ్చా వదినా అని అడిగింది. రాదన్నాను. అయితే మా అన్నకు సరిజోడువే అని పకపకా నవ్వి, నా చేతిలోని పెట్టె లాక్కుని లోపలికి పరుగెత్తింది. ఈ పిల్లతో నాకు రోజూ పోట్లాటే అని అప్పుడే అనుకున్నాను. ఈ పిల్ల లేకపోతే నాకు పొద్దు గడవదని మాత్రం తర్వాత తెలిసింది.

మా మామగారు పీతల మనిషి. కొడుకు న్యాన్, అంటే మా ఆయన, రేవులో కట్టేసిన పడవలో కూర్చున్నా కడుపులోదంతా బయటపెట్టుకునే రకం. అందుకని మామగారు కొడుకుని గట్టుమీద వదిలేసి కూతుర్ని పడవెక్కించుకున్నారు. మా ఆయన సరిహద్దు గేటు దగ్గర మోటారుసైకిలు మీద జనాన్ని తిప్పుకుంటూ బతుకుతున్నాడు. అవతలి కంబోడియా వాళ్ళ ఖ్మేర్ భాష నాతో మాట్లాడే దానికంటే తియ్యగా మాట్లాడతాడు. లువా మాత్రం నీటిమీదే పెరిగింది. పీతలు పట్టే గూళ్ళకు ఎర గుచ్చడం, నీలిపీత గోళ్ళు చేతికందకుండా కట్టెయ్యడం, మబ్బు చూసి వెనక్కి తిరగడం, అన్నీ తండ్రి పక్కన కూర్చుని నేర్చుకుంది. పెళ్ళి మాట ఎత్తితే, ఈ పడవ మూడో మనిషిని మొయ్యదు అనేది. చివరికి మామగారి మోకాళ్ళు పట్టేసి ఆయన గట్టుమీద కూర్చున్నాక, ఒక్కతే సముద్రానికి వెళ్ళడం మొదలుపెట్టింది.

సరిహద్దు పక్కనున్న మా హా టియెన్‌లో ఆడది పడవ నడిపితే మొగాళ్ళకి నిద్రపట్టదు. పడవకి ముందు రంగుతో రెండు కళ్ళు వేసి ఉంటాయి కదా, ఆడదాని కాలు ఆ కళ్ళమీదుగా దాటితే పడవకి చూపు పోతుందట. లువా వెనక అమరం వైపు నుంచే ఎక్కేది, దిగేది. అయినా రేవులో ఆమె పడవకు చివరి గుంజే మిగిలేది. పడవల పెద్ద ఖియెమ్ బాబాయి తన పెద్ద పడవలన్నీ కట్టుకున్నాక, మిగతావాళ్ళవి కట్టుకున్నాక, అప్పుడు ఈమెది. చిన్నవాళ్ళు చివరే కదా అని ఆయన నవ్వేవాడు. లువా కూడా నవ్వేది. ఇంటికొచ్చి గిన్నెలు విసిరికొట్టేది.

సముద్రంలో గీతలుండవు. మాకు థాక్ డోంగ్ రాయే గీత. ఊరికి ఉత్తరాన, సరిహద్దు గేటుకి ఇవతల, పొలాల మధ్య ఒంటరిగా నిలబడ్డ నల్లటి రాయి అది. పడవలోంచి చూస్తే ఆ రాయి నిండుగా కనిపించినంతసేపు మన నీళ్ళలో ఉన్నట్టు. కొండ భుజం వెనక సగం దాక్కుందంటే వాళ్ళ నీళ్ళలోకి వెళ్ళినట్టు. వాళ్ళూ ఆ రాయినే చూసుకుంటారు, మనకి తిరగేసి. పీతలకి మాత్రం రాయీ లేదు, కొండా లేదు. ఎక్కడ బురద మెత్తగా ఉంటే అక్కడికి పోతాయి, వాటి వెనక మనమూ పోతాం, వాళ్ళూ వస్తారు. ఎవరి గూళ్ళు ఎవరు ముట్టకపోతే గొడవే ఉండదు.

మామగారు పోయినప్పటి సంగతి ఒకటి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఆయన మంచంలో ఉన్నన్నాళ్ళూ ఎత్తింది, కడిగింది, తినిపించింది లువా. పోయాక పాడె ముందు ధూపం పాత్ర పట్టుకుని నిలబడింది పెద్దకొడుకుగా మా ఆయన. అది లోకరీతి, నేను కాదనను. కానీ ఆయన వెనక పినతండ్రి కొడుకులు నిలబడ్డారు, వాళ్ళ వెనక వాళ్ళ బావమరుదులు నిలబడ్డారు. లువాను వంటగది పక్కన, ఆడవాళ్ళ వరసలో చిట్టచివర నిలబెట్టారు. అక్కడినుంచి ఆమెకు తండ్రి పాదాలు కూడా కనబడలేదు. ఆ రోజు ఆమె ఏడవలేదు, ఎవరితోనూ పోట్లాడలేదు. లువా పోట్లాడలేదంటే ఎంత దెబ్బ తగిలిందో నాకు తెలుసు. మా ఆయనకి తెలుసో లేదో నేనెప్పుడూ అడగలేదు.

ఇక ఆ రోజుకి వస్తాను. వానగాలి ఆగిపోయి సముద్రం అద్దంలా ఉన్న పొద్దున. రేవు పక్కన నా బున్ కెన్ బండి దగ్గర కొబ్బరిపాల చేపపులుసు కుతకుతలాడుతోంది, నూడుల్స్ గిన్నెల్లో వేస్తున్నాను. ఇంతలో ఎవరో ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు చెయ్యి చూపించారు. లువా పడవ వస్తోంది, కానీ నడుస్తున్నట్టు లేదు, ఈడ్చుకొస్తున్నట్టు ఉంది. అమరంలో నిలబడి తన ఎర్ర తలగుడ్డ గెడకి కట్టి ఊపుతోంది. పడవ పక్కన పడవకి రెండింతలున్న నల్లటి వీపు ఒకటి నీళ్ళలో తేలుతోంది.

నా చేతిలో గరిటె జారి పులుసులో పడింది. తాతగారు. సముద్రంలో మునిగేవాడి కిందకి వచ్చి వీపుమీద మోసే పెద్ద తాతగారు. మేం ఆయన్ని చేప అనం, తిమింగలం అని కూడా అనం. పోయాడని అనం, ఒరిగారంటాం. తాతగారు ఒరిగి మా మొగలోకి వచ్చారు. మా పేటలో తాతగారి గుడి కట్టాక ఇంత పెద్దాయన రావడం అదే మొదలు. క్షణంలో రేవంతా ఖాళీ అయి నీళ్ళలోకి దిగింది. ఎవరికి దొరికిన పడవ వాళ్ళెక్కారు. ఖియెమ్ బాబాయి కాలిజోళ్ళతోనే నడుం లోతుకి వచ్చేశాడు. గుళ్ళో డప్పు మోగింది, ఎవరు కొట్టారో కూడా తెలియదు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు పులుసు. తాతగారు ఊళ్ళో ఉండగా పొయ్యిమీద చేప ఉండటమేమిటి, సముద్రంలోవన్నీ ఆయన బలగం కదా. ఒక్క పరుగున వచ్చి మంట ఆర్పి, కుండెడు పులుసు రేవు వెనక పిల్లులకి పోసేశాను. వాటికి ఆ ఏడాది పండగ అదే. తర్వాత పందిమాంసంతో గంజి కాచాను, వచ్చినవాళ్ళందరికీ అదే పోశాను.

తాతగారిని గుడి ముందు ఇసుకలోకి చేర్చేసరికి మధ్యాహ్నమైంది. సారాతో కడిగారు, ఎర్రబట్ట కప్పారు. ఆడవాళ్ళం కొబ్బరాకులతో విసురుతున్నాం. ఇక మిగిలింది ఒక్కటే ప్రశ్న, అందరి మొహాల్లోనూ అదే. ఒరిగిన తాతగారిని మొదట చూసినవాడు ఆయనకి పెద్దకొడుకు. తలకి తెల్లగుడ్డ కట్టుకుని ఊరేగింపులో అందరికంటే ముందు నడవాలి, మూడేళ్ళు శోకం పట్టాలి, ఆ తర్వాత ఎముకలు తవ్వి గుళ్ళో పెట్టేటప్పుడు కూడా ముందు అతని చెయ్యే పడాలి. ఆ మనిషి పడవ ఏ తుఫానులోనూ మునగదని మా నమ్మకం. మొదట చూసింది లువా. లువా కొడుకు కాదు.

ఖియెమ్ బాబాయి మెల్లగా మొదలుపెట్టాడు. అమ్మాయి కష్టపడింది, ఎవరూ కాదనడం లేదు. కానీ పెద్దకొడుకు అన్నాక కొడుకే ఉండాలి కదా, ఆమె తరఫున పడవల పెద్దగా తాను నిలబడతానన్నాడు. మొగాళ్ళు తలలూపారు. నేను నోరు తెరవబోయాను. ఈలోపే లువా, తడిబట్టలు ఆరకుండానే, గుడి పెద్ద థోయ్ ముందుకి వెళ్ళి నిలబడింది. థోయ్ పెదనాన్నకి వినికిడి తక్కువ, పట్టుదల ఎక్కువ. ఆయన అందరి మాటా చెయ్యి అడ్డుపెట్టుకుని విని, ఇది మీరూ నేనూ తేల్చేది కాదు, తాతగారినే అడుగుదాం అన్నాడు.

అడగడమంటే చెక్కలు వెయ్యడం. నెలవంకలా చెక్కిన రెండు చెక్కలు, ఒకవైపు చదును, ఒకవైపు గుండ్రం. రెండూ బోర్లా పడితే కాదన్నట్టు. రెండూ వెల్లకిలా పడితే నవ్వినట్టు, మళ్ళీ వెయ్యాలి. ఒకటి అటూ ఒకటి ఇటూ పడితే అవునన్నట్టు. థోయ్ పెదనాన్న చెక్కలు నుదుటికి ఆనించుకుని, ఆడపిల్లని పెద్దబిడ్డగా ఒప్పుకుంటారా తాతగారూ అని పెద్దగా అడిగి ఇసుకలోకి విసిరాడు. రెండూ వెల్లకిలా. జనం గొల్లుమన్నారు, తాతగారు నవ్వుతున్నారు అని. మళ్ళీ వేశాడు. మళ్ళీ నవ్వే. ఖియెమ్ బాబాయి పెదవులు చప్పరించాడు. నేను లువా చెయ్యి పట్టుకున్నాను, అది చల్లగా ఉంది. మూడోసారి ఒక చెక్క వెల్లకిలా పడింది. రెండోది అంచుమీద నిలబడి, ఊగి, ఊగి, బోర్లా పడింది.

నేను అరిచిన అరుపు నాకే వినబడలేదు, అంత గోల. ఆడవాళ్ళం ఒకళ్ళనొకళ్ళం వాటేసుకున్నాం. పేటలో ఏ ఆడదానికీ దక్కనిది మా లువాకి దక్కింది. థోయ్ పెదనాన్న పళ్ళెంలోంచి తెల్లగుడ్డ తీసి రెండు చేతులతో పట్టుకుని ఆమె తల దగ్గరికి తెచ్చాడు.

"ఆగండి పెదనాన్నా" అంది లువా. "ముందు చూసింది నేను కాదు."

డప్పు ఆగిపోయింది. ఆమె చెప్పింది ఇదీ. గూళ్ళు ఎత్తుకుంటూ వెళ్ళి వెళ్ళి, రాయి కొండ వెనక సగం దాక్కునే దాకా వెళ్ళిపోయిందట. దూరంగా ఒక ఖ్మేర్ పడవలోంచి ఎవరో గళ్ళ తువ్వాలు ఊపుతున్నారు. ఇంజను చెడిందేమో అనుకుని వెళ్ళింది. అతని పేరు సారిన్, సరిహద్దు అవతల కెప్ వైపు పీతలవాడు, ముఖం తెలిసినవాడే. తిరగబడ్డ పడవ అనుకుని దగ్గరికి వెళ్ళి చూశాడట, చూసి ఏం చెయ్యాలో తెలియక ఆమెను పిలిచాడు. వాళ్ళకి ఈ ఆచారం లేదు. ఆమె తాతగారని దణ్ణం పెడితే, అతనూ పెట్టాడు. తాతగారిని మధ్యలో పెట్టి చెరోపక్కా మోకులు కట్టి, రెండు పడవలూ కలిసి లాక్కొచ్చాయి. మొగ కనబడగానే, తన పీతలు చచ్చిపోతాయి, వాటిని బజారుకి చేర్చాలని అతను మోకు విప్పి వెళ్ళిపోయాడు. మా పేటలో ఎవరూ అతన్ని చూడలేదు. ఆమె చెప్పకపోతే ఎవరికీ ఎప్పటికీ తెలియదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. జనం గోలగా వాదించుకుంటుంటే, దాన్ని రెక్క పట్టుకుని గుడి గోడ వెనక్కి లాక్కెళ్ళాను.

"నోరు మూసుకుంటే నీదేం పోయిందే? ఆ మనిషికి ఇదొక ఆచారమని కూడా తెలియదు కదా" అన్నాను.

"నాకు తెలుసు కదా వదినా. నాన్నప్పుడు నన్ను చివర నిలబెడితే ఎలా ఉందో నువ్వు చూశావు. ఇంకొకళ్ళ చోట్లో నేను నిలబడలేను."

నాకు ఇంకా కోపం వచ్చింది. భుజంమీది తువ్వాలుతో మొహం తుడుచుకుని అటు తిరిగితే, గోడ మూల మా ఆయన నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. మొహం పాలిపోయి ఉంది, సముద్రంలోకి వెళ్ళకుండానే.

"ఆ సారిన్‌ది కెప్‌లో ఏ పేట?" అని అడిగాడు.

ఈలోపు ముందు వైపు తీర్పు అయిపోయింది. ఎండకి తాతగారిని ఎక్కువసేపు ఉంచలేం, మర్నాడు మధ్యాహ్నం పోటు ఎక్కితే ఇసుకంతా మునుగుతుంది. అంతలోపు మట్టి చెయ్యాలి. అప్పటికి మొదట చూసిన పెద్దబిడ్డ సారిన్ వచ్చి నిలబడకపోతే, పాత కట్టు ప్రకారం పడవల పెద్దే ముందు నిలబడతాడు. అంటే ఖియెమ్ బాబాయి. ఆయన చాలా బాధగా మొహం పెట్టుకుని, మనవల చేత తన తెల్ల లాగూ చొక్కా ఇస్త్రీ చేయించమని ఇంటికి కబురు పంపాడు.

గేటు సాయంత్రం మూసేస్తారు. మా ఆయన అప్పటికే మోటారుసైకిలెక్కి ఇసుక ఎగజిమ్ముకుంటూ వెళ్ళిపోయాడు. తిండి తినలేదు, నాతో చెప్పలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషి అంత వేగంగా కదలడం నేను చూడలేదు.

మర్నాడు తెల్లారేసరికి ఇసుకంతా జనమే. ద్వీపాల నుంచి పడవలొచ్చాయి, నాటకాలవాళ్ళు మొహాలకి రంగులు వేసుకుని వచ్చారు. కాల్చిన పందులు వరసగా పెట్టారు. థాక్ డోంగ్ వైపు రోడ్డుమీద ఏ దుమ్ము లేచినా నేను మెడ సాచి చూస్తున్నాను. ఒకసారి బడిపిల్లల సైకిళ్ళు, ఒకసారి కొబ్బరికాయల బండి. లువా తాతగారి తల దగ్గర కూర్చుని ఈగలు తోలుతోంది, రోడ్డు వైపు చూడనే చూడదు. నీళ్ళు మాత్రం చూస్తోంది. పోటు పైకి పాకుతోంది. మొదట తాటాకు చాపల దగ్గరికి, తర్వాత పందుల బల్లల కాళ్ళ దగ్గరికి. బల్లలు వెనక్కి జరిపారు. గొయ్యి సిద్ధంగా ఉంది.

ఖియెమ్ బాబాయి మడత నలగని బట్టల్లో వచ్చి ముందు నిలబడ్డాడు. ఇంకెంతసేపు పెదనాన్నా, తాతగారికి అసౌకర్యం కదా అన్నాడు. థోయ్ పెదనాన్న రోడ్డు చూశాడు, నీళ్ళు చూశాడు. వినబడనట్టు ధూపం పుల్లలు సర్దడం మొదలుపెట్టాడు. రెండోసారి అడిగేసరికి ఇక తప్పక తెల్లగుడ్డ చేతిలోకి తీసుకున్నాడు. నేను లువా పక్కకి వెళ్ళి కూర్చున్నాను. పోనీలే, అంది అది, నిజం చెప్పాను, అది చాలు. చాలదని దాని గొంతే చెప్పింది.

అప్పుడు వినబడింది హారను. రోడ్డుమీద కాదు, తీరం వెంబడి, తడి ఇసుకమీద. మా ఆయన రోడ్డు వదిలేసి, జనాన్ని తప్పించుకోవడానికి నీళ్ళ అంచునే వస్తున్నాడు, అలలు చక్రాలమీదికి ఎగురుతున్నాయి. సముద్రమంటే భయపడే మనిషి మోకాలిదాకా ఉప్పునీళ్ళతో తడిసిపోయి వస్తున్నాడు. వెనక సీటుమీద ఒక నున్నటి గుండు ఎండకి మెరుస్తోంది. ఒళ్ళో పెద్ద బుట్ట.

జనం అటూ ఇటూ విడిపోయి దారిచ్చారు. డప్పులవాళ్ళు ఎవరూ చెప్పకుండానే మొదలుపెట్టారు. సారిన్ దిగి చుట్టూ చూసి బెదిరిపోయాడు. మా ఆయన రొప్పుతూ చెప్పాడు, రాత్రి ఇతని ఇల్లు వెతకడానికే సగం కెప్ తిరిగానని, తండ్రి పోయినట్టే రావాలి అన్నానని. ఖ్మేర్ వాళ్ళలో తండ్రి పోతే కొడుకు గుండు చేయించుకుంటాడు. వాళ్ళమ్మ తెల్లవారుతూనే కూర్చోబెట్టి గీకేసిందట. థోయ్ పెదనాన్న ఆ గుండుని రెండు చేతులతో తడిమి చూసి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మా పేటలో ఇన్నేళ్ళుగా ఇంత శ్రద్ధగా వచ్చిన కొడుకు లేడన్నాడు. ఖియెమ్ బాబాయి ఇస్త్రీ బట్టలు సర్దుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు.

అంతలో సారిన్ భక్తిగా బుట్ట మూత తీసి తాతగారి తల ముందు పెట్టాడు. నిండా నీలిపీతలు, బతికున్నవి, గోళ్ళకి తాళ్ళు కట్టినవి. చావింటికి వట్టి చేతులతో రాకూడదని తన వేటలోకెల్లా మంచివి ఏరి తెచ్చాడు. జనం ఒక్కసారిగా నోళ్ళు నొక్కుకున్నారు. తాతగారి శోకంలో తాతగారి బలగాన్నే నైవేద్యం పెట్టడమా. అతను మా మొహాలు చూసి, చిన్నవేమో అనుకుని, ఇంకో పెద్దది పైకి తీసి చూపించాడు. మా ఆయన చెవిలో ఏదో చెప్పాడు. సారిన్ చెవులదాకా ఎర్రబడ్డాడు.

లువా ఇక ఆపుకోలేకపోయింది. నవ్వేసింది. ఆ నవ్వుకి నేనూ నవ్వాను, థోయ్ పెదనాన్న కూడా. ఆమె బుట్ట ఎత్తుకుని నీళ్ళలోకి వెళ్ళింది, సారిన్ వెనకే వెళ్ళాడు. ఇద్దరూ కలిసి ఒక్కొక్క తాడూ కోసి పీతల్ని వదిలారు. తాతగారు తన వాళ్ళని ఇంటికి పంపించారు అని ఎవరో అన్నారు, దాంతో అపచారం కాస్తా పుణ్యమైపోయింది. పీతలవాళ్ళిద్దరూ ఒక బుట్టెడు పీతలు చేతులారా వదలడం నేను చూశానని చెబితే ఇప్పటికీ కెప్‌లో నమ్మరట.

తెల్లగుడ్డ కట్టబోతే సారిన్ నున్నటి గుండుమీద నిలవదు. మూడుసార్లు జారి ముక్కుమీదికి వచ్చింది. చివరికి లువానే వెనక్కి తిరగమని, తన గూళ్ళకి వేసే ముడి వేసి బిగించింది. పెద్దకొడుకు ముందు నడిచాడు. తాతగారిని మోసేవాళ్ళు అరుస్తూ, తూలుతూ, నవ్వుతూ, ఏడుస్తూ కదిలారు. నీళ్ళు మా మడమల్ని తాకుతుండగా ఆయన్ని గొయ్యిలోకి దించాం. మొదటి పిడికెడు ఇసుక సారిన్ వేశాడు. తమ భాషలో ఏదో ప్రార్థన చదివాడు, అది తాతగారికి అర్థమయ్యే ఉంటుంది. ఆయన రెండు నీళ్ళలోనూ తిరిగినవాడే కదా.

మధ్యాహ్నం దాటాక మా ఆయన సారిన్ భుజం తట్టాడు. గేటు మూసేలోపు దాటాలి, అతనికిచ్చిన చీటీ ఆ ఒక్క రోజుకే. ఇంకా సాయంత్రం ధూపం ఉంది, మర్నాడు ఉంది, మూడేళ్ళ శోకం ఉంది. అది అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. సారిన్ తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. శోకపు గుడ్డ నేలమీద పెట్టకూడదు, పళ్ళెంలోకీ తిరిగి వెళ్ళకూడదు. ఖియెమ్ బాబాయి గొంతు సవరించుకున్నాడు.

థోయ్ పెదనాన్న మా ఆయన్ని పిలిచి, పెద్దకొడుకు వెళ్ళిపోతుంటే తర్వాతి బిడ్డ ఎవరో పెద్దకొడుకే చెప్పాలి, అడుగు అన్నాడు. మా ఆయన అడిగాడు. సారిన్‌కి ఇందులో ఆలోచించడానికేముందో అర్థం కానట్టు మొహం పెట్టి, ఏదో చెప్పి లువా వైపు చెయ్యి చూపించాడు.

"ఒక మోకు నేను లాగాను, ఒక మోకు ఆమె లాగింది, మూడో మోకు లేదు కదా అంటున్నాడు" అన్నాడు మా ఆయన.

ఖియెమ్ బాబాయి ఆడపిల్ల అనబోయాడు. నిన్న చెక్కలు వేసి అడిగింది అదే కదా, తాతగారు రెండుసార్లు నవ్వి మరీ ఒప్పుకున్నారు కదా, మళ్ళీ ఆయన్నే అడగమంటావా అని థోయ్ పెదనాన్న చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అడిగాడు. ఈసారి చెవుడు బాబాయికి వచ్చింది, వినబడనట్టు అటు తిరిగాడు. సారిన్ తన చేత్తోనే తెల్లగుడ్డ లువా తలకి చుట్టాడు. ఆమె జుట్టుకి అది జారలేదు.

మా ఆయన అతన్ని గేటుకి దించి సాయంత్రం ధూపం వేళకి తిరిగొచ్చాడు. అప్పటికి మట్టిదిబ్బ ముందు వరసలు కడుతున్నారు. లువా అందరికంటే ముందు, ధూపం పాత్ర రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. భుజాలు నిటారుగా పెట్టుకుని, కదలకుండా. దాని ముందు ఎవరూ లేరు, తాతగారు తప్ప. దానికి అన్నీ కనబడుతున్నాయి. వెనక ఖియెమ్ బాబాయి, పినతండ్రి కొడుకులు, పడవలవాళ్ళు, తమ తమ చోట్లకోసం మోచేతులతో పొడుచుకుంటున్నారు.

మా ఆయన వాళ్ళెవరి దగ్గరికీ వెళ్ళలేదు. తడి ఆరి ఉప్పు కట్టిన లాగూతో నేరుగా ముందుకి వెళ్ళి, చెల్లెలి పక్కన, ఒక అడుగు వెనగ్గా ఆగాడు. పేటలో ఏ పెద్దకొడుకూ తన చోటేదని ఎవరినీ అడిగి ఎరగడు.

"చెల్లీ, నేనెక్కడ నిలబడాలి?"

లువా జన్మలో మొదటిసారి నెమ్మదించింది. తర్వాత పాత్ర ఒక చేతిలోకి మార్చుకుని, రెండో చేత్తో ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని తన వెనక్కి, సరిగ్గా వెనక్కి నిలబెట్టింది. "ఇక్కడ అన్నా" అంది. "ఇక్కడినుంచి కనబడుతుంది."